ర్యాంకు లేని కాలేజీకి కప్పు: గెలిచిన జట్టు నిలబడుతుందా?

అమెరికా కాలేజీ కుర్రాళ్ల ఫుట్ బాల్ పోటీల్లో 2024 డిసెంబరు 16న జరిగిన ఫైనలు ఫలితం ఆ దేశంలోనే చాలామంది ఊహించనిది. పోటీ మొదలైనప్పుడు మొదటి పదహారు ర్యాంకుల్లో ఎక్కడా పేరు లేని వెర్మాంట్ విశ్వవిద్యాలయం జట్టు కప్పు ఎగరేసుకుపోయింది. మార్షల్ విశ్వవిద్యాలయాన్ని అదనపు సమయంలో 2-1 గోల్స్ తేడాతో ఓడించింది. ఒక ఆటలో ఎవరో ఒకరు గెలవడం సహజమే. అయితే ఈ గెలుపుకు ముందు ఏం జరిగింది, తరువాత ఏం జరిగింది అన్నది పరిశీలిస్తే మన కాలేజీలకూ, పిల్లల్ని కాలేజీలకు పంపే తల్లిదండ్రులకూ పనికివచ్చే సంగతులు కొన్ని కనిపిస్తాయి.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. అమెరికాలో ఫుట్ బాల్ అంటే కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతబట్టుకుని పరుగెత్తే వేరే ఆట. మనం ఫుట్ బాల్ అనే ఆటను వారు సాకర్ అంటారు. అక్కడి కాలేజీల్లో డబ్బూ, జనమూ ఎక్కువగా మొదటి ఆట వైపే ఉంటాయి. సాకర్‌ది చిన్నబిడ్డ స్థానం.

పాడికి పేరుపడిన రాష్ట్రం

వెర్మాంట్ అమెరికా ఈశాన్య మూలన, కెనడా సరిహద్దున ఉన్న చిన్న రాష్ట్రం. 2020 లెక్కల ప్రకారం జనాభా 6 లక్షల 43 వేలు. మన జిల్లాల్లో చాలావాటి జనాభా ఇంతకంటే ఎక్కువే. విశ్వవిద్యాలయం ఉన్న బర్లింగ్టన్ ఆ రాష్ట్రంలోకెల్లా పెద్ద ఊరు. అయినా అక్కడి జనం 45 వేలకు మించరు. రాష్ట్రంలో వ్యవసాయానికి ప్రధాన ఆధారం పాడి. మేపుల్ చెట్ల నుంచి తీసే తియ్యని పాకానికి కూడా ఈ రాష్ట్రం పెట్టింది పేరు.

పాడి రైతు అక్కడా సుఖంగా లేడు. 1940 ప్రాంతాల్లో పది వేలకు పైగా ఉన్న పాడి క్షేత్రాలు ఇప్పుడు కొన్ని వందలకు తగ్గిపోయాయి. 2023 జులైలో వరదలు వచ్చి ఊళ్లనూ పొలాలనూ ముంచాయి. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2024 జులైలో, మళ్లీ వరదలు వచ్చాయి. ఆ రెండో వరద వచ్చిన ఆరు వారాలకే కాలేజీ ఆటల సీజను మొదలైంది. వెర్మాంట్ ప్రజలు ఈ జట్టును తమ ఇంటి బిడ్డల్లా చూసుకున్నారంటే అందులో ఆశ్చర్యం లేదు.

ఈ విశ్వవిద్యాలయం 1791లో ఏర్పడింది. ఇన్నేళ్ల చరిత్రలో మంచు మీద జారే స్కీయింగ్ ఆటలో తప్ప మరే ఆటలోనూ జాతీయ విజేతగా నిలవలేదు. ఆ లోటు 2024 డిసెంబరులో తీరింది.

ఇరవై నాలుగు ఆటల లెక్క

అక్కడ కాలేజీ సాకర్ సీజను ఆగస్టు చివర మొదలై డిసెంబరు నడిమికి ముగుస్తుంది. ముందు ప్రాంతాల వారీగా లీగు ఆటలు జరుగుతాయి. తరువాత 48 జట్లను జాతీయ పోటీకి ఎంపిక చేస్తారు. వీటిలో 16 జట్లకు ర్యాంకులిచ్చి, మొదటి రౌండు ఆడే పని లేకుండా నేరుగా రెండో రౌండుకు పంపుతారు. మిగిలిన 32 జట్లు మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ఒక్క ఆట ఓడితే ఇంటి దారే. వెర్మాంట్ ఈ 32 జట్లలో ఒకటి.

సీజను మొత్తం మీద వెర్మాంట్ 24 ఆటలు ఆడింది. 16 గెలిచింది, 2 ఓడింది, 6 డ్రా అయ్యాయి. అంటే ప్రతి మూడు ఆటల్లో ఒకటి గెలుపు లేకుండానే ముగిసింది. జట్టు ఏకబిగిన గెలుచుకుంటూ పోయిందనుకుంటే పొరపాటు. గెలవలేని రోజున ఓడకుండా బయటపడటమే ఈ జట్టు బలం. మన పక్క డ్రా అంటే సగం ఓటమిగా లెక్కవేసి కుర్రాళ్లను తిట్టిపోసే అలవాటు ఉంది. పొలంలో పూర్తి పంట రాని ఏడు విత్తనాలకైనా గింజలు దక్కించుకున్న రైతే మరుసటి ఏడు మళ్లీ నాగలి పట్టగలడు. వెర్మాంట్ డ్రాలను ఆ విధంగానే చూడాలి.

జాతీయ పోటీలో ఈ జట్టు వరుసగా అయోనా, హోఫ్‌స్ట్రా, శాన్ డియేగో జట్లను దాటింది. క్వార్టర్ ఫైనలులో రెండో ర్యాంకు ఉన్న పిట్స్‌బర్గ్‌ను వారి సొంత మైదానంలోనే 2-0 తేడాతో ఓడించింది. సెమీ ఫైనలులో మూడో ర్యాంకు జట్టు డెన్వర్ ఎదురైంది. ఆట 1-1తో సమానంగా ముగిసి పెనాల్టీల దాకా వెళ్లింది. అక్కడ 4-3తో వెర్మాంట్ గట్టెక్కింది. పెనాల్టీల మీద తేలిన ఆటను అక్కడి లెక్కల్లో డ్రాగానే రాస్తారు. కాబట్టి పైన చెప్పిన ఆరు డ్రాల్లో ఈ సెమీ ఫైనలు కూడా ఒకటి కావడం విశేషం.

ఓటమి అంచు నుంచి

ఫైనలు నార్త్ కెరొలైనా రాష్ట్రంలోని కేరీ పట్టణంలో జరిగింది. ప్రత్యర్థి మార్షల్ జట్టుకు 13వ ర్యాంకు ఉంది. 67వ నిమిషంలో తారిక్ పన్‌హోల్జర్ గోలు చేయడంతో మార్షల్ ముందంజ వేసింది. ఆట ముగియడానికి ఇంకా 23 నిమిషాలే ఉంది. ఇలాంటి సమయంలో చాలా జట్లు కంగారుపడి, అందరూ ముందుకు ఉరికి, మరో గోలు ఇచ్చుకుంటాయి. వెర్మాంట్ తొందరపడలేదు. 81వ నిమిషంలో మార్సెల్ పాప్ గోలు కొట్టి స్కోరు సమం చేశాడు.

తొంభై నిమిషాలు ముగిశాక అదనపు సమయం మొదలైంది. అక్కడి నిబంధన ప్రకారం అదనపు సమయంలో మొదటి గోలు ఎవరు చేస్తే వారిదే ఆట. 95వ నిమిషంలో వెనుక నుంచి వచ్చిన పొడుగాటి బంతిని మాక్సిమిలియన్ కిసెల్ అనే జర్మనీ విద్యార్థి వెంటాడి అందుకున్నాడు. వెంటబడిన డిఫెండరును తోసిరాజని, ఎదురొచ్చిన గోల్ కీపరును దాటుకుని, బంతిని ఖాళీ గోలులోకి పంపాడు. ఆట అక్కడితో ఆగిపోయింది. వెర్మాంట్ ఆడే అమెరికా ఈస్ట్ లీగు నుంచి ఒక జట్టు పురుషుల సాకర్‌లో జాతీయ విజేత కావడం అదే మొదటిసారి.

ఈ జట్టు ఆకాశం నుంచి ఊడిపడలేదు. కోచ్ రాబ్ డౌ 2017 నుంచి దీనిని తీర్చిదిద్దుతూ వచ్చారు. 2022లో ఈ కాలేజీ క్వార్టర్ ఫైనలు దాకా వెళ్లి సిరక్యూజ్ చేతిలో 1-2 తేడాతో ఓడింది. ఆ ఏడు సిరక్యూజ్ జట్టే కప్పు గెలిచింది. కప్పు గెలిచే జట్టుకూ తమకూ మధ్య దూరం ఒక్క గోలేనని వెర్మాంట్‌కు ఆనాడే తెలిసివచ్చింది. ఆ ఒక్క గోలు సంపాదించడానికి మరో రెండేళ్లు పట్టింది.

ఓడిన జట్టుదీ అదే దారి

ఫైనలులో ఓడిన మార్షల్ గురించి కూడా చెప్పుకోవాలి. ఇది బొగ్గు గనులకు పేరుపడిన వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని కాలేజీ. కరోనా వల్ల ఆలస్యమై 2021 మే నెలలో ముగిసిన పోటీల్లో ఈ జట్టు కూడా ర్యాంకు లేకుండానే బరిలోకి దిగింది. మొదటి ర్యాంకు జట్టు క్లెమ్సన్‌ను పెనాల్టీల మీద ఓడించింది. ఫైనలులో ఇండియానాను అదనపు సమయంలో 1-0తో ఓడించి కప్పు గెలిచింది. ఆ ఫైనలు జరిగింది కూడా కేరీ మైదానంలోనే. మూడున్నరేళ్ల తరువాత అదే మైదానంలో, అదే అదనపు సమయంలో మార్షల్ ఓడిపోయింది. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అనే మాట ఈ రెండు జట్లకూ సరిగ్గా సరిపోతుంది.

ఈ రెండు కథలూ చెప్పేది ఒక్కటే. చిన్న కాలేజీకి పెద్ద కాలేజీతో ఒకే మైదానంలో తలపడే అవకాశం ఉన్నంతకాలం ఇలాంటి ఫలితాలు వస్తూనే ఉంటాయి. అసలు ప్రశ్న ఆ అవకాశం ఇక మీదట ఉంటుందా అన్నదే.

గెలిచాక వచ్చిన చిక్కు

కప్పు గెలిచి ఎంతోకాలం గడవకముందే కోచ్ డౌ వెర్మాంట్ వదిలి పెన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. అది ఎన్నో రెట్లు పెద్ద సంస్థ. ఇందులో ఆయనను తప్పుపట్టడానికి లేదు. మంచి పాలేరుకు పెద్ద కామతం నుంచి పిలుపు రావడం ఎక్కడైనా ఉన్నదే. ఆయన కింద పనిచేసిన ఏడ్రియన్ డుబ్వా బాధ్యతలు తీసుకున్నారు. కోచ్‌కే కాదు, ఆటగాళ్లకు కూడా ఒక కాలేజీ నుంచి మరో కాలేజీకి మారడం ఇటీవలి సంవత్సరాల్లో చాలా సులభమైపోయింది. చిన్న కాలేజీ మొక్కను పెంచితే, కాయ కాచే వేళకు పెద్ద కాలేజీ దాన్ని పెళ్లగించి తీసుకుపోతున్నదని అక్కడ విమర్శ ఉంది.

దీనికి తోడు 2025 జూన్ 6న అక్కడి ఫెడరల్ కోర్టు ఒక పెద్ద ఒప్పందాన్ని ఆమోదించింది. దాని ప్రకారం 2025 జులై 1 నుంచి కాలేజీలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. ఒక్కో కాలేజీ మొదటి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు ఇందుకు ఖర్చు చేయవచ్చు. చెమటోడ్చే కుర్రాడికి కూలి ముట్టడం న్యాయమే. అంతకుముందు కాలేజీలు ఆటల మీద కోట్లు గడిస్తున్నా ఆడేవాడికి జీతమనేది లేదు. కాని ఆ సొమ్ములో ఎక్కువ భాగం జనం ఎగబడి చూసే వారి ఫుట్ బాల్, బాస్కెట్ బాల్ ఆటలకే పోతుంది. సాకర్ వంటి రాబడి లేని ఆటలకు మిగిలేది ఎంత? చిన్న రాష్ట్రపు కాలేజీ ఎంత ఇవ్వగలదు? ఈ ప్రశ్నలకు జవాబు దొరకడానికి కొన్ని సీజన్లు పడుతుంది.

మరో చిక్కు విదేశీ విద్యార్థులది. ఫైనలులో గెలుపు గోలు చేసింది జర్మనీ కుర్రాడు. అమెరికా కాలేజీ సాకర్ జట్లలో ఇలా పరాయి దేశాల నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. 2025 మే చివర అక్కడి ప్రభుత్వం విద్యార్థి వీసాల కోసం కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం కొన్ని వారాల పాటు ఆపింది. ఆ దెబ్బ ఆటగాళ్లకే కాదు, పొలం కుదువబెట్టి కొడుకును అమెరికా పంపుదామనుకున్న మన ఊళ్ల తండ్రులకూ తగిలింది. 2023-24లో అమెరికాలో చదువుతున్న విదేశీ విద్యార్థుల్లో భారతీయులే అందరికంటే ఎక్కువ. వారి సంఖ్య 3 లక్షల 31 వేలు దాటింది. వారిలో తెలుగువారు ఎందరో ఉన్నారన్నది ఏ పల్లెలో అడిగినా తెలుస్తుంది.

హైదరాబాదు చెప్పే పాఠం

ఈ ఎత్తుపల్లాలు మనకు కొత్తవి కావు. ఒకప్పుడు భారత ఫుట్ బాల్‌కు హైదరాబాదు పుట్టినిల్లు వంటిది. హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. సిటీ కాలేజీ కుర్రాళ్ల జట్టులో ఆడి పైకి వచ్చిన మనిషి. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించింది. 1963లో ఆయన కన్నుమూశారు. ఆ తరువాత ఆ వైభవం క్రమంగా సన్నగిల్లింది.

ఈ కాలంలో హైదరాబాద్ ఎఫ్.సి. అనే వృత్తి క్లబ్బు 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీల మీద ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచింది. రెండేళ్లు తిరక్కుండానే డబ్బు చిక్కుల్లో పడి పట్టికలో అట్టడుగుకు చేరింది. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. డబ్బుతో వచ్చింది డబ్బుతోనే పోయింది. కాలేజీల్లో, బడుల్లో వేరుపట్టిన ఆట మాత్రం ఒక తరమైనా నిలిచింది. రెండింటికీ ఉన్న తేడా ఇదే.

చేయదగిన పని

మన గ్రామీణ కాలేజీల్లో ఆటస్థలం చాలాచోట్ల తుమ్మచెట్ల పాలవుతున్నది. అంతర కాలేజీ పోటీలు దగ్గర పడ్డాక పది రోజులు ముందు జట్టును కూర్చి, ఓడి వచ్చాక ఆ జట్టును మరచిపోవడం ఆనవాయితీ అయింది. వెర్మాంట్ అనుభవం ఇందుకు భిన్నమైన దారి చూపుతున్నది. ఏడేళ్లు ఒకే మనిషి చేతిలో జట్టు ఉంది. ఓడిన ఏడాది దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. ర్యాంకు లేనంత మాత్రాన కుర్రాళ్లు వెనుదీయలేదు.

ఇందుకు కోట్ల రూపాయలు అక్కరలేదు. ఏడాది పొడవునా మైదానం శుభ్రంగా ఉంచడం, వ్యాయామ ఉపాధ్యాయుడి ఖాళీ నింపడం, రెండు బంతులు కొనివ్వడం, ఓడిన జట్టును మరుసటి ఏడు కూడా ఆడనివ్వడం చాలు. కాలేజీ యాజమాన్యాలు, పంచాయతీలు తలచుకుంటే ఇవన్నీ జరిగే పనులే. వెర్మాంట్ వంటి చిన్న కాలేజీలు ఇలా గెలుస్తూ ఉంటాయో లేదో రానున్న సీజన్లు తేలుస్తాయి. మన ఆటస్థలంలోని తుమ్మచెట్లను కొట్టించడానికి మాత్రం అంతదాకా ఆగనక్కరలేదు.