ఓరిమి గెలిచిన పందెము

పందెపు కార్లనగానే వేగమొక్కటే కొలమానముగా భావించు మనకు, డీజిలు కార్ల రికార్డుల చరిత్రలో అంతకంటె ఆదరణీయమైన గుణమొకటి గోచరించును, అది ఓరిమి. 1931లో అమెరికాలోని ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెమునకు, క్లెస్సీ కమ్మిన్స్ అను ఇంజనుల నిర్మాత, డ్యూసెన్‌బర్గ్ చాసిస్‌పై తన డీజిలు ఇంజనును బిగించి పంపిన కారును డేవ్ ఎవాన్స్ నడిపెను. తక్కిన కార్లు పెట్రోలుకనియు టైర్లకనియు ఆగుచుండగా, ఆ బరువైన కారు గంటకు 86 మైళ్ళ సగటు వేగముతో, ఒక్కమారైనను ఆగక, సుమారు 31 గ్యాలన్ల డీజిలుతో పందెమంతయు ముగించి 13వ స్థానమున నిలిచెను. ఆనాటి విజేతకంటె ఈ పదమూడవ కారే లోకమునకెక్కువ ఉపకారము చేసినదని నా నిశ్చితాభిప్రాయము.

ఏలయన, పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ చేయు పనిని డీజిలు ఇంజనులో గాలిని గట్టిగా అదుముటచే జనించు వేడిమియే నిర్వర్తించును. ఆ అధిక సంపీడనము వలననే ఇంధనము ఆదా యగును, ఆ ఒత్తిడికి తాళుటకే ఇంజను దిట్టముగా నిర్మింపబడును. 1978లో ఇటలీలోని నార్డో వలయపథముపై మెర్సిడెస్ సి-111 కారు, మూడు లీటర్ల డీజిలు ఇంజనుతో, పండ్రెండు గంటలపాటు గంటకు 300 కిలోమీటర్లు మించిన సగటు వేగమును నిలుపుకొనుట ఈ ఓరిమికే నిదర్శనము.

మన ఊళ్ళలో చెరువు పూడిక తీయు పసుపుపచ్చని జేసీబీని ఎరుగనివారుండరు. దానిని నిర్మించు సంస్థయే తన పని యంత్రముల ఇంజనును సంస్కరించి, అట్టివి రెంటిని ఒక పొడవైన కారులో అమర్చగా, 2006 ఆగస్టు 23న యూటాలోని బోనెవిల్ ఉప్పు మైదానమున ఆండీ గ్రీన్ అను చోదకుడు దానిని గంటకు 350.092 మైళ్ళ వేగముతో నడిపి డీజిలు కార్ల రికార్డును నెలకొల్పెను. బయలుదేరునపుడు మాత్రము దానిని వెనుకనుండి ట్రాక్టరు నెట్టవలసి వచ్చెడిది! మట్టి త్రవ్వు ఇంజను వంశమునకు దక్కిన ఈ గౌరవము నాకెంతయు ప్రీతికరము.

డీజిలు పొగ కలిగించు హాని కాదనరానిది. విద్యుద్వాహనముల యుగము రానే వచ్చినది. వాటి నిర్మాతలును ఆ ఓరిమినే ఆదర్శముగా గొని, క్షణకాలపు వేగమును చాటుట చాలించి, మన వేసవి యెండలో, నిండు బరువుతో, ఒక్క ఛార్జింగుతో తమ బండి ఎంతదూరము నడచునో జనసమక్షమున పరీక్షించి చూపవలెను. కొనువారును ముందుగా ఆ లెక్కనే అడుగవలెను.