చేపకు కాటా, బిడ్డకు కాకిలెక్క

రెండేళ్ళ పిల్లాడి జ్వరానికి రాసిచ్చిన మందుల చీటీ ఒకటి ఈ వారం నా చేతికొచ్చింది. పేరుంది, వయసుంది, ఊరుంది, కట్టిన ఫీజు కూడా ఉంది. కింద మూడు సీసాల పేర్లు, వాటి పక్కన "ఒక మూత, మూడు పూటలా" అని రాత. పిల్లాడి బరువు మాత్రం ఎక్కడా లేదు. రాసినాయన కొల్లేటి లంకల్లో సైకిలు మీద తిరిగే ఆర్‌ఎంపీయా, పట్నంలో పెద్ద బోర్డున్న డాక్టరా అన్నది అనవసరం. ఇద్దరి చీటీలూ చాలా చూశాను. రెండింటిలోనూ ఇదే లోటు.

పిల్లల మందును బరువును బట్టి కొలవాలి. ఇదేమీ దేవరహస్యం కాదు. పారాసిటమాల్‌నే తీసుకోండి. కిలోకు 15 మిల్లీగ్రాములు ఒక మోతాదు. మోతాదుకూ మోతాదుకూ నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి. రోజు మొత్తానికి కిలోకు 60 మిల్లీగ్రాములు దాటకూడదు. ఎనిమిది కిలోల బిడ్డకు పూటకు 120 మిల్లీగ్రాములు. పదిహేనో ఎక్కం వస్తే చాలు.

మెలికంతా సీసాలో ఉంది. ఇదే మందు మన షాపుల్లో అయిదు మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములుండే సీసాగా దొరుకుతుంది, 250 ఉండే సీసాగానూ దొరుకుతుంది. చంటిపిల్లల చుక్కల మందయితే ఒక్క మిల్లీలీటరులోనే 100. ఎనిమిది కిలోల బిడ్డకు మొదటి సీసాలోంచి అయిదు మిల్లీలీటర్లు పోస్తే సరిపోయింది. రెండో దాంట్లోంచి అంతే పోస్తే రెట్టింపు. చుక్కల సీసాలోంచి అంతే పోస్తే 500 మిల్లీగ్రాములు, అంటే రోజంతటి హద్దు ఒక్క గుక్కలో దాటిపోయినట్టే. ఎక్కువైతే దెబ్బ కాలేయానికి. తక్కువైతే జ్వరం దిగక "సూది వెయ్యండి బాబూ" అని మళ్ళీ పరుగు. ఇది చాలదన్నట్టు, జలుబు సిరప్పుల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జ్వరానికొక మూత, జలుబుకొక మూత పోసే తల్లికి ఒకే మందు రెండుసార్లు పోస్తున్నానని ఎలా తెలుస్తుంది? సీసా మీద చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. మోతాదు దగ్గర చూస్తే "వైద్యుడు చెప్పినట్టు వాడండి" అని ఉంటుంది. వైద్యుడేమో "ఒక మూత" అన్నాడు. ఆ మూత పోతే ఇంట్లో చెంచా. ఆ చెంచా ఎవరింట్లో ఎంతో ఆ ఇంటివాళ్ళకే తెలియదు.

వయసు రాశారుగా, చాలదా అంటారు. చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో రెండేళ్ళు నిండిన మగపిల్లాడి మధ్యస్థ బరువు 12.2 కిలోలు. కానీ 9.7 కిలోలున్నవాడూ 15.3 కిలోలున్నవాడూ కూడా ఆ పట్టిక హద్దుల్లోనే ఉంటారు. ఇద్దరికీ ఒకే మూత పోస్తే బక్కవాడికి మందెక్కువ పడుతుంది. తిండి సరిగా అందని ఇంట్లోనే కదా బక్కబిడ్డ ఉండేది. ఈ కాకిలెక్క దెబ్బ కూడా లేనివాడి మీదే పడుతోంది.

పోనీ, తూయడం మనకు చేతకాని పనా? కైకలూరు, ఆకివీడు చెరువు గట్ల మీద ఒక పూట నిలబడండి. విసురు వల వేసి నాలుగు శీలావతులు పడతారు. సగటు బరువు చూస్తారు. చెరువులో ఎన్ని టన్నులుంటాయో అంచనా కట్టి దాన్ని బట్టి మేత వేస్తారు. జబ్బొస్తే మేతలో కలిపే మందుకూ అదే లెక్క. రొయ్యల రైతయితే కౌంటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలో, తెలియకుండా మేత బస్తా విప్పడు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తాకు కిలో తరుగు తీస్తానంటే ఎంత రభస అవుతుందో నేను చెప్పక్కర్లేదు. ధర పలికే ప్రతిదాన్నీ గ్రాముల్లో తూస్తాం. బిడ్డ దగ్గరికొచ్చేసరికి "చూస్తే తెలియదా, పది కిలోలుంటాడు" అనేస్తాం.

ప్రభుత్వమే వయసు చూసి బోదకాలు మాత్రలు మింగిస్తోంది కదా అని ఒక మిత్రుడు అడ్డుపడ్డాడు. నిజమే. రెండు నుంచి అయిదేళ్ళ వాళ్ళకు డీఈసీ 100 మిల్లీగ్రాములు, 14 ఏళ్ళ దాకా 200, ఆపైన 300. ఆ డీఈసీ మాత్ర మనకు పరాయిది కూడా కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందమే దాన్ని లోకానికిచ్చింది. దాని అసలు మోతాదు కిలోకు 6 మిల్లీగ్రాములు. ఊరూరా తిరిగి అందరిచేతా మింగించాలి గనుక ఆ లెక్కనే వయసు మెట్లుగా మార్చారు. ఏడాదికొకసారి, కార్యకర్త ఎదుటే మింగాలి. దానికి ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి ఇచ్చే చోట ఎత్తు కొలిచే కర్ర పట్టుకెళ్తారు. అంటే కాటా మోయలేనప్పుడు కూడా ఏదో ఒక కొలతను వెంట తీసుకెళ్ళారు. రోజుకు మూడుసార్లు, మూడు రకాల సీసాల్లోంచి, అర్ధరాత్రి నిద్రమత్తులో పోసే సిరప్పుకు దీన్ని సాకుగా చూపిస్తే ఎలా?

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కోల్డ్రిఫ్ దగ్గుమందు తాగి ఇరవైమందికి పైగా పసివాళ్ళు పోయారు. పరీక్షిస్తే అందులో డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం తేలింది. అది అచ్చంగా విషం, ఏ కాటా కూడా ఆ పిల్లల్ని కాపాడేది కాదు. కానీ ఆ గొడవలోనే కేంద్రం ఇంకో మాట గుర్తుచేసింది: అయిదేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు మామూలుగా అక్కర్లేదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్ళలోపు వాళ్ళకు వాడరాదని సీసాల మీద అచ్చువేయమని 2023 డిసెంబరులోనే ఆదేశమొచ్చింది. నా దగ్గరకొచ్చిన చీటీలో రెండో సీసా సరిగ్గా ఆ మందే. పిల్లాడికి రెండేళ్ళు.

ఇంతకన్నా ఒళ్ళు మండే సంగతి ఇంకొకటుంది. మన పిల్లల బరువులు ఎవరికీ తెలియవనుకోకండి. అంగన్‌వాడీలో నెలనెలా తూస్తారు. 2021 నుంచి ఆ అంకె పోషణ్ ట్రాకర్ యాప్‌లోకి ఎక్కుతోంది. సిగ్నలు అందక టీచరమ్మ ఫోను పట్టుకుని మేడెక్కైనా సరే అంకె ఎక్కించాలి, ఫొటోలు పెట్టాలి. లంకగ్రామం పిల్లాడి బరువు అలా ఢిల్లీ దాకా వెళ్తుంది. వాడికి జ్వరమొచ్చిన రాత్రి వాళ్ళమ్మ చేతికి మాత్రం రాదు. తల్లీబిడ్డల కార్డులో ఎదుగుదల గీత గీయడానికి ఆడపిల్లకొక పేజీ, మగపిల్లాడికొక పేజీ ఉన్నాయి. మీ ఇంట్లో కార్డు తీసి చూడండి, టీకాల పేజీ నిండి ఉంటుంది, గీత మొదటి పుట్టినరోజు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. మట్టి పరీక్షయినా, చెరువు నీళ్ళ పరీక్షయినా మన దగ్గర ఇదే తంతు. పైవాడికి పంపే లెక్కకు మనిషి, యంత్రం, గడువు అన్నీ ఉంటాయి. ఇంటివాడికి చెప్పే లెక్కకు తీరిక ఉండదు.

సీసాలు మారవని నీరసపడనక్కర్లేదు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితేనే, తీపి పానీయాల డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడొద్దని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. పిల్లల సిరప్పు డబ్బా మీద తెలుగులో కిలోల పట్టిక వేయించడం, సీసాతోపాటు సూది లేని సిరంజి ఇప్పించడం అంతకన్నా కష్టమా?

అప్పటిదాకా పని తల్లిదండ్రులదే. బిడ్డనెత్తుకుని ఒకసారి, దింపి ఒకసారి కాటా ఎక్కండి. తేడాయే బిడ్డ బరువు. ఆ అంకెను చీటీ మీద మీరే రాసి మందు రాసే ఆయన ముందు పెట్టి, "ఎన్ని మిల్లీగ్రాములండీ, ఈ సీసాలోంచయితే ఎన్ని మిల్లీలీటర్లు?" అని అడగండి. కోపమొస్తే రానివ్వండి. ఫీజు పుచ్చుకున్న మనిషికి ఒక గుణకారం చేయడం నామోషీ కాకూడదు.