మన గౌరవం గడప దాకానే

2023 జూలై 6 దాకా హైదరాబాద్‌లో ఒక చట్టం బతికే ఉంది. ఫస్లీ 1329లో, అంటే 1919లో, నిజాం సర్కారు చేసిన చట్టమది. నగరంలో ఉండే 'నపుంసకుల' పేర్లు రిజిస్టరుకెక్కించాలి. అలా ఎక్కినవాళ్లు చీర కట్టి, నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. నిజాం పాలన పోయింది, రాజ్యాంగం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ ఏర్పడ్డాయి. ఈ చట్టాన్ని ఏ అసెంబ్లీ రద్దు చేయలేదు. 2018లో ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మోగ్లి మరో ఇద్దరితో కలిసి హైకోర్టుకు పోతే, చివరికి ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం కొట్టేసింది.

ఆ కేసు మనం వేయలేదు. మన నాచారంలో మోరీ పొంగితే అధికారులకు, కరెంటు పోతే లైన్‌మన్‌కు వరసబెట్టి ఫోన్లు చేస్తాం. ఉప్పల్ రింగ్‌రోడ్డు సిగ్నల్ దగ్గర రోజూ కనిపించే హిజ్రాను, కట్టుకున్న చీర చూసి జైలుకు పంపగల చట్టం ఒకటి ఉండేదని మాత్రం మనలో చాలామందికి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. కారు అద్దం పైకెత్తుకోవడమే మనకు తెలిసింది.

లోకం పోకడ తెలియక ఇలా ఉన్నామంటే ఎవరూ నమ్మరు. అర్జునుడు విరాటుడి కొలువులో ఏడాది పాటు బృహన్నలగా గడిపిన కథ మనకు అమ్మమ్మలే చెప్పారు. 1963లో 'నర్తనశాల'లో ఎన్టీ రామారావు ఆ వేషం కడితే జనం విరగబడి చూశారు. సత్యభామగా స్టేజీ ఎక్కి చూపరుల మతి పోగొట్టిన స్థానం నరసింహారావుకు 1956లో, కూచిపూడిలో అదే పాత్రకు పేరుబడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీలు వస్తే మనవాళ్లకే వచ్చాయని పొంగిపోయాం. బోనాలప్పుడు చీర కట్టి, పసుపు పూసుకుని, శిగమూగే మగ శివసత్తి ముందు పిల్లల్ని పడుకోబెట్టి దాటించుకుంటాం. దేవుడి దగ్గర, స్టేజీ మీద ఆడామగా గీత చెరిగిపోతే మనకు భక్తి, ఆనందం. ఆ గీత మన గల్లీలో చెరిగితే పరువు సమస్య.

కొత్త ఇల్లు కట్టినప్పుడు, షాపు తెరిచినప్పుడు హిజ్రాలు వస్తే గుమ్మం ముందే నిలబెట్టి, డబ్బులిచ్చి, తల వంచి దీవెన తీసుకుంటాం. వాళ్లలోనే ఒకరు పై పోర్షన్ కిరాయికి అడిగితే ఏమవుతుందో టు-లెట్ బోర్డు పెట్టిన ఎవరినడిగినా చెబుతారు. "ఖాళీ లేదమ్మా, నిన్ననే మాట్లాడుకున్నరు" అంటారు. బోర్డు మాత్రం ఇంకో నెల గేటుకే వేలాడుతుంది. ఇండస్ట్రియల్ ఏరియాలో 'హెల్పర్లు కావలెను' అని రాసిన గేటు దగ్గరా ఇదే జవాబు. ఇల్లు లేదు, పని లేదు అని తేల్చింది మనం. తర్వాత "వీళ్లకు అడుక్కోవడం తప్ప ఏం చేతకాదు" అని తీర్పు చెప్పేదీ మనమే.

చేతనవుతుందని చూపించినవాళ్లున్నారు. డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్లు హైదరాబాద్ ట్రాఫిక్ అసిస్టెంట్లయ్యారు. ఆ వార్తల్ని వాట్సాప్ గ్రూపుల్లో పంచుకుని చప్పట్ల బొమ్మలు పెట్టాం. మన కాలనీలో వాళ్లకు ఇల్లు దొరుకుతుందా అని ఆ గ్రూపులో ఎవరూ అడగలేదు.

ఇంకో పెద్ద తప్పు, అందరినీ ఒకే గాటన కట్టడం. శరీరం ఎలా పుట్టింది, మనసు తనను ఆడదనుకుంటోందా మగవాడనుకుంటోందా రెండూ కాదనుకుంటోందా, ప్రేమ ఎవరి మీద కలుగుతోంది, ఇవి వేరువేరు సంగతులు. మగవాడిగా బతుకుతూ మగవాడినే ప్రేమించేవాడు హిజ్రా కాడు. ఆడపిల్లగా పెరిగి తాను మగవాడినని గ్రహించిన ట్రాన్స్ పురుషుడికి మన లెక్కలో చోటే లేదు. ఇద్దరినీ ఇష్టపడేవాళ్లున్నారు. ఇరవయ్యేళ్లప్పుడు ఒకలా, నలభై ఏళ్లప్పుడు ఇంకోలా తమను తాము తెలుసుకునేవాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ కలిపి మన సినిమాలు ఒక వెకిలి నడక, రెండు బూతు మాటలు ఇచ్చాయి. టికెట్టు కొని మరీ నవ్వాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో 'ఇతరులు' 43,769 మంది. ఆడామగా గడుల్లోనే ఉండిపోయి, ఎవరిని ప్రేమిస్తున్నారో ఇంట్లో కూడా చెప్పుకోలేనివాళ్లు ఏ లెక్కకూ అందరు.

అన్నిటికన్నా ఘోరం మనం ఇళ్లల్లో చేసేది. కొడుకు సంబంధాలన్నీ కాదంటుంటాడు. ఓ రాత్రి తల్లితో "అమ్మా, నాకు ఆడపిల్లల మీద మనసు పోదే" అంటాడు. ఆమె తలుపు గొళ్లెం పెట్టి, "మీ నాయనకు చెప్పకు బిడ్డా. పెండ్లయితే అన్నీ సర్దుకుంటయి" అంటుంది. మూడు నెలల్లో ఫంక్షన్ హాలు బుక్ అవుతుంది. సర్దుకోనిది సర్దుకోదు. ఏం జరుగుతోందో తెలియని ఒక అమ్మాయి బతుకు కూడా అందులో కాలిపోతుంది. ఆ పెళ్లికి పోయి, పలావు తిని, కవరు చేతిలో పెట్టి వచ్చిన మనమంతా ఆ మోసానికి సాక్షులమే. అసలు సంగతి తెలిసి కూడా "ఇంకా పిల్లలు లేరా?" అని ఆ కోడలినే నిలదీసిన దగ్గరి చుట్టాలం కూడా మనమే.

స్వలింగ ప్రేమ జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే చెప్పింది. ఇద్దరు పెద్దవాళ్ల ఇష్టం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. మందులతో, కౌన్సెలింగ్‌తో 'మారుస్తామనే' డాక్టర్లది వృత్తి దుష్ప్రవర్తన అని 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. అయినా బాబాల దగ్గరికి, తాయెత్తుల దగ్గరికి, 'మార్చే' క్లినిక్‌ల దగ్గరికి పిల్లల్ని తిప్పుతూనే ఉన్నాం. పెళ్లి హక్కు కోసం మన హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ ఢిల్లీ దాకా పోయారు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఆ పని పార్లమెంటుదని చెప్పి పంపింది. ఆ మర్నాడు మన ఎంపీని ఈ సంగతి అడిగినవాళ్లు మనలో ఎందరు?

చట్టం మారడానికి నూరేళ్లకు పైనే పట్టింది. ఇంట్లో మారడానికి అంత కాలం అక్కర్లేదు. మీ బిడ్డ రేపు ఇలాంటి మాటేదైనా చెప్పబోతే, తలుపు వేయకండి, దేవుడి గదికి తీసుకెళ్లకండి, మ్యాట్రిమొనీ ఫోన్ ఎత్తకండి. చెప్పేది పూర్తయ్యేదాకా వినండి. ఆ తర్వాత సంబంధాలు చూడటం ఆపేయండి.