గాజుతొట్టిలో పగడం

పగడమంటే మనకు ముందు ఉంగరమే గుర్తుకొస్తుంది. అది గనిలో దొరికే రాయి కాదనీ, ఒక సముద్రజీవి అస్థిపంజరమనీ జువాలజీ చదివినవాళ్ళు కూడా నగల షాపులో మరచిపోతారు. అట్లాంటిది, బతికున్న పగడాలనే ఇంట్లో ఉప్పునీటి తొట్టిలో పెంచే సరదా మన మిత్రుల్లో కొందరికి పట్టుకుంది. సరదా మంచిదే. కాని మొదటి పగడం ఏదై ఉండాలన్న విషయంలో నా అభిప్రాయం కాస్త గట్టిది.

రాతి అస్థిపంజరం ఉన్నదేదీ వద్దు. కొమ్మలు కొమ్మలుగా పెరిగేవీ, మెదడులా మడతలు పడినవీ కంటికి ఇంపే, ఒప్పుకుంటాను. అయితే 2001లోనే ప్రభుత్వం రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాలనూ, సముద్రపు విసనకర్రలనూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. అంటే పులి సరసన! దుకాణంవాడు "ఏం ఫరవాలేదు సార్" అంటాడు. జైలుకు వెళ్ళేది అతనొక్కడే కాదు. చట్టం మాట అటుంచండి. 2010లోనూ 2016లోనూ నీరు వేడెక్కి మన్నార్ సింధుశాఖలో పగడాలు తెల్లబడి ఎన్నో చచ్చిపోయాయి. మిగిలినవాటిని ఉలితో పెకలించి మన ముందుగదికి తెచ్చుకోవాలా?

పుట్టగొడుగు పగడంతో మొదలుపెట్టమంటాను. రాతికి అంటుకున్న మెత్తని బిళ్ళ అది, అడుగున సున్నపు గట్టిదనం ఉండదు. శాస్త్రం ప్రకారం పగడానికి దాయాది మాత్రమే. కొద్దిపాటి వెలుగు, నెమ్మదైన ప్రవాహం చాలు. తరవాత తోలు పగడం. దాని ఒంటిమీద విచ్చుకునే ప్రతి చిన్న పూవుకూ ఎనిమిదే రేకులు, ఒక్కొక్కటీ ఈకలా చీలి ఉంటుంది. అప్పుడప్పుడు రోజుల తరబడి ముడుచుకుపోయి, మైనంలాంటి పొర విడుస్తుంది. చచ్చిందని పారెయ్యకండి, అది కుబుసం! రంగురంగుల బొత్తాముల్లా ఉండే జోయాంథిడ్లూ తేలిగ్గానే బతుకుతాయి గాని, కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు. ఆ రాళ్ళను వేడినీళ్ళలో వేసి, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబాలు ఇతర దేశాల్లో ఉన్నాయి.

నీళ్ళలో ఉప్పు లీటరుకు 35 గ్రాములు, వేడి 24 నుంచి 26 డిగ్రీలు. మన మే నెలలో ఇది మాటలు కాదు, చల్లబరిచే యంత్రం కావాల్సిందే. పగడం ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచు వెలుతురుతో వండి పెట్టేదే దాని తిండి చాలావరకు. నీరు మరిగిందా, ఆ వంటవాళ్ళను అదే గెంటేసుకుంటుంది.

తొట్టి పెట్టిన వారానికే పగడం తెచ్చేవారితోనే నా అసలు పేచీ. అమోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బాక్టీరియా కుదురుకోవడానికి నెల పైనే పడుతుంది. అందాకా ఉత్త రాళ్ళనే చూస్తూ కూర్చోవాలి. ఆ తరవాత కొనేముందు, ఇది తొట్టిలో కోసి పెంచిన ముక్కా, సముద్రంలోంచి తెచ్చిందా అని అడగండి. పుట్టగొడుగు, తోలు పగడాలు కోసిన ముక్క నుంచే మళ్ళీ పెరుగుతాయి కనుక, పెంచుతున్న మిత్రుణ్ణి అడిగి ఓ ముక్క తెచ్చుకుంటే ఇంకా మేలు.