గొంగళి ముసుగు కాదు

లాటిన్‌లో ‘ఇమేగో’ అంటే ప్రతిరూపం. 18వ శతాబ్దంలో ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ ఆ మాటను రెక్కలొచ్చి ఎదుగుదల పూర్తయిన కీటకానికి పెట్టాడు. గొంగళి దశకు పెట్టిన ‘లార్వా’కు ఆ భాషలో ముసుగు అని ఒక అర్థం. అంటే గొంగళి వట్టి వేషం, సీతాకోకచిలుకే అసలు రూపం అన్నమాట. 1912 ప్రాంతంలో మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ ‘ఇమేగో’ అనే మాటను మనోవిశ్లేషణలోకి తెచ్చాడు. తల్లిదండ్రుల గురించి పసితనంలోనే మనసులో ఏర్పడి, పెద్దయ్యాక కూడా మన బంధాలను లోలోపల నడిపించే ప్రతిమ అది. ఒక శాస్త్రంలో చివరి దశకు పేరైనది, ఇంకో శాస్త్రంలో తొలినాటి ముద్రకు పేరైంది. ఎదుగుదల గురించి సరైన ఊహ ఈ రెండోదే.

పట్టుపురుగునే చూడండి. రైతులు ‘జ్వరం’ అనే కుబుసం విడుపులు నాలుగు దాటి, మల్బరీ ఆకు మేసి, గూడు అల్లేది గొంగళే. గూడు చీల్చుకొని వచ్చే రెక్కల పురుగు ఏమీ తినదు, ఎగరలేదు. జతకట్టి, గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లోనే రాలిపోతుంది. తిండీ పనీ అంతా ఒక దశదైతే, అసలు రూపమన్న గౌరవం ఇంకో దశకా?

పేరులో ఏముంది, లాటిన్ మూలం ఎవరికి గుర్తుందని అడగవచ్చు. కానీ పేరు మరుగున పడ్డా అందులోని తీర్పు మిగిలే ఉంది. బాల్యాన్ని పెద్దరికానికి సన్నాహంగా మాత్రమే చూడటం ఆ తీర్పే. గూటిలోని ప్యూపా దశలో గొంగళి శరీరం చాలావరకు కరిగిపోతుంది కదా, ఇక మిగిలేదేమిటన్నది ఇంతకంటే బలమైన అభ్యంతరం. దీనికి 2008లో అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జవాబు చూపారు. పొగాకు మొక్కను తినే ఒక జాతి గొంగళికి ఒక వాసన చూపిస్తూ స్వల్పంగా కరెంటు షాక్ ఇచ్చారు. గొంగళిగా చివరి దశలో ఆ పాఠం నేర్చినవి రెక్కలొచ్చాక కూడా ఆ వాసనకు దూరం జరిగాయి. ఇంకా చిన్న దశలో నేర్చినవి మాత్రం మరిచిపోయాయి. అన్నీ నిలవవు, అలాగని అన్నీ చెరిగిపోవు.

దీనితో యుంగ్ చెప్పింది రుజువైందనలేం, పురుగు మెదడు మనిషి మనసు కాదు. కానీ మునుపటి బతుకు ముసుగేనన్న మాట పురుగు విషయంలోనే నిలవనప్పుడు, మనిషికి ఎలా వర్తిస్తుంది? మన పొలాల్లో వాటిని పిల్ల పురుగు, తల్లి పురుగు అంటారు. ఆ మాటల్లో వేషమూ లేదు, అసలూ లేదు. ఉన్నది చుట్టరికమే.