బండే ఇల్లయినప్పుడు ఎన్నాళ్లు ఉండాలె?

దసరా దాటిందంటే మన అక్కల్‌కోట్ రోడ్డు మీద చెరుకు కొట్టెటోళ్ల బండ్లు మొదలైతయి. బండిలో బొంతలు, గిన్నెలు, నీళ్ల డ్రమ్ము, రెండు కోళ్లు, అన్నిటి మీద పిల్లలు. ఫ్యాక్టరీ దగ్గర్నో చేను పక్కన్నో ఆపి వెదురు చాప, తాటిపత్రి కప్పి కోపి వేసుకుంటరు. ఒక చేను అయిపోతే ఇంకో చేను, ఒక ఊరు అయిపోతే ఇంకో ఊరు. అయిదారు నెలలు వాళ్ల ఇల్లు అదే.

ఎక్కువమంది బీడ్ దిక్కు మరాఠీవాళ్లు. నారాయణఖేడ్ దిక్కు తండాలోళ్లు కూడా వస్తరు, వాళ్లు మనతోని తెలుగులోనే మాట్లాడుతరు. పోయిన సీజన్ ఆఖర్లో కుంభారి దగ్గర అట్లాంటి ఒక చెల్లె నన్ను అడిగింది. "కాకా, ఇంక ఎన్నాళ్లు ఉంటే మాకు గిట్టుతది?" ఇంట్ల ఉన్న పెద్ద బిడ్డకు మార్చిలో పదో తరగతి పరీక్ష అట. తల్లి ఇక్కడ, బిడ్డ అక్కడ ముసలమ్మ దగ్గర.

ఇట్ల అడిగెటోళ్లు మన పేటల్లో కూడా ఉన్నరు. సాంచాలకు మందీ వచ్చినప్పుడు మన పిల్లలు ఇద్దరు చెరుకు ట్రాక్టర్ మీద పోయిండ్రు, ట్రాలీ కిందనే పడుకుంటరు. అందుకే ఈ నెల ఈ ముచ్చట రాస్తున్న.

ఎన్నాళ్లు ఉండాలె అన్న మాట మార్చిలో అడిగే మాట కాదు. జూన్, జూలైలో ముకద్దం ఇంటికి వచ్చి ఉచల్ పైసలు చేతిలో పెట్టిననాడే అది తేలిపోతది. ఎంత ఉచల్ తీసుకుంటే అన్ని రోజులు ఉండుడే.

లెక్క చేసి చూడండ్రి. మొగుడు పెళ్లాం కలిస్తే ఒక కొయ్తా. టన్నుకు 366 రూపాయలు అనుకుందాం. ఇద్దరు కలిసి రోజుకు టన్నున్నర కొడితే 549 రూపాయలు. నెలకు 25 రోజులు పని దొరికితే 13,725. నాలుగు నెలలకు 54,900. ఇప్పుడు లక్ష రూపాయల ఉచల్ తీసుకున్నోళ్ల సంగతి చూడండ్రి. అయిదున్నర నెలలు కొట్టినా 75 వేల పైన కొంచెమే. మధ్యల తిండికి, దవాఖానకు తీసుకున్న పైసలు కూడా దాంట్లనే రాస్తరు. మిగిలిన బాకీ వచ్చే ఏటికి పోతది. వచ్చే ఏడు కూడా రాక తప్పదు. 2024 జనవరిలో సంఘాలోళ్లు కొట్లాడి కొట్టుడు కూలి 34 శాతం పెంచుకున్నరు, మంచిదే. కానీ కూలి పెరిగిందని ఉచల్ కూడా పెంచుకుంటే లెక్క మళ్లీ అక్కడికే వస్తది.

ఇంకో సంగతి, అన్ని నెలలు ఒక్క తీరుగ ఉండవు. నవంబర్, డిసెంబర్, జనవరిల చెరుకు పచ్చిగ, బరువుగ ఉంటది, ఎండ తక్కువ. మార్చి దాటితే మన సోలాపూర్ ఎండ సంగతి చెప్పాల్నా? చెరుకు ఎండుతది. అంతే మోపు కడితే కాంటా మీద తక్కువ తూగుతది. చేలకు నిప్పంటుకునేది కూడా అప్పుడే. పశువులకు అమ్ముకునే చెరుకు ఆకు, అదే వాడె, అది కూడా ఎండిపోతది. ఆ పై పైసలూ పోతయి. అంటే ఆఖరు నెల కష్టం ఎక్కువ, పైసలు తక్కువ.

పట్టా ఎప్పుడు పడతదో, అంటే ఫ్యాక్టరీ ఎప్పుడు బందయితదో మన చేతుల ఉండదు. వానలు లేని ఏడు ఫిబ్రవరిలోనే బంద్. 2021-22లో చెరుకు ఎక్కువైంది, మరాఠ్వాడాల కొన్ని ఫ్యాక్టరీలు జూన్ దాకా నడిచినయి. ఉచల్ బాకీ ఉన్నోళ్లు ఆ ఎండలల్ల కూడా కొట్టవలసిందే. మిల్లుల బద్లీ చేసెటప్పుడు గేటు కాడ నిలబడి, పని లేదంటే తిట్టుకుంట ఇంటికి పోతుంటిమి. ఇంటికి పోవుడన్నా ఉండె మనకు.

ఆడోళ్లది వేరే కథ. తెల్లారకముందే లేచి వంట, తర్వాత కొట్టుడు, మోపులు మోసి బండికి ఎత్తుడు. చాటు లేదు, నీళ్లు లేవు. ఒక్కరోజు పోకపోతే ఖాడా అని పైసలు కోస్తరు. నెలసరితోని ఖాడా పడుతదని బీడ్ జిల్లాల చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నోళ్లు ఎంతమందో 2019ల బయటపడ్డది. ఇంక నెల ఉందామా వద్దా అని ఇంట్ల మాట్లాడుకునేటప్పుడు మగోళ్లే తీర్పు చెప్తరు, ఆమె నడుము సంగతి ఎవరూ అడగరు.

ఆ చెల్లెకు, మన పిల్లలకు నేను చెప్పింది ఒక్కటే. నాలుగు నెలల్ల తీరేంత ఉచలే తీసుకోండ్రి. ఫ్యాక్టరీ ఇచ్చే కాంటా చీటీలు పారేయకుండ్రి, టన్నులు రోజు రోజు సొంత నోటుబుక్కుల రాసుకోండ్రి. ముకద్దం దగ్గర ఉన్న బుక్కు ముకద్దందే. రేషన్ కార్డు వెంట తెచ్చుకోండ్రి, ఇప్పుడు వేరే రాష్ట్రంల కూడా బియ్యం, గోధుమలు ఇస్తరు. ఆ మేర తిండికి బాకీ తగ్గుతది. పిల్లల్ని వెంట తెస్తే ఫ్యాక్టరీ దగ్గర సాకర్ శాళ ఉన్నదా అని ముందే అడగండ్రి.

ఈ ఏడు ఆ చెల్లె మొగడు 50 వేలే తీసుకున్నడు. ముకద్దం మొఖం ముడుచుకున్నడట, ఇంకో జంటను చూసుకుంటనన్నడట. చివరికి ఒప్పుకున్నడు. ఇట్ల మళ్ల కుంభారి దగ్గరనే కోపి వేసిండ్రు. శివరాత్రి కల్లా తండాకు పోవాలని ఆమె ఇప్పటి నుంచే రోజులు లెక్కపెడుతున్నది. నోటుబుక్కు నేనే కొనిచ్చిన, రాసుడు మాత్రం ఆమెనే, ఏడో తరగతి చదివిందట, నాకంటే ఎక్కువే.