రెండో ఏడు సాయం

హవాయి దీవుల్లోని మావీ ద్వీపంలో 2023 ఆగస్టు 8న కార్చిచ్చు చెలరేగి లహైనా పట్టణాన్ని దహించివేసింది. వంద మందికి పైగా మరణించారు. రెండు వేలకు పైగా కట్టడాలు నాశనమయ్యాయి. ఒకప్పటి చెరకు తోటలు మూతపడ్డాక ఆ బీళ్లలో ఏపుగా పెరిగిన ఎండుగడ్డి మంటకు మేతయింది. పెనుగాలి దానిని ఊరి మీదికి తోసింది. విరాళాలు నలుమూలల నుంచి వెళ్లాయి. దళారులు కూడా వెళ్లారు. కాలిన స్థలం అమ్ముతారా అంటూ బాధితులకు ఫోన్లు రావడంతో, ఆ రాష్ట్ర గవర్నరే బహిరంగంగా హెచ్చరించవలసి వచ్చింది. సొంత స్థలం ఉన్నవాడి దిగులు అది. హోటళ్లలో పనిచేస్తూ అద్దె ఇళ్లలో ఉన్న ఫిలిప్పీన్స్ వలస కుటుంబాలకు అమ్ముకోవడానికి స్థలం కూడా లేదు.

దివిసీమ పెద్దలకు ఈ కథ కొత్త కాదు. అక్కడ నిప్పు, ఇక్కడ నీరు. పులిగడ్డ దగ్గర రెండు పాయలైన కృష్ణకూ సముద్రానికీ నడుమ మిగిలిన ఆ నేల మీద 1977 నవంబరు 19న ఉప్పెన విరుచుకుపడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కల్లోనే మృతులు పది వేలు దాటారు. కూలికి పొరుగూళ్ల నుంచి వచ్చి ఆ రాత్రి అక్కడ తలదాచుకున్నవారి పేర్లు ఏ గ్రామ పుస్తకంలో ఉంటాయి?

సాయం మాత్రం వెల్లువెత్తింది. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగారు. మండలి వెంకట కృష్ణారావు అక్కడే నిలిచి పనిచేశారు. మతం అడగకుండా ఎన్నో సంస్థలు శవాలు తీశాయి, అన్నం పెట్టాయి, పక్కా ఇళ్లు కట్టించాయి. ఆ మేలును తక్కువ చేయడం కృతఘ్నత. అయినా ఎదురుమొండి దీవుల వారు నాలుగు దశాబ్దాలు దాటాక కూడా ఏరు దాటడానికి వంతెన కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. పురిటి నొప్పుల మనిషిని పడవ ఎక్కించవలసిన చోట, ఉప్పెన నాటి బియ్యం మూటలు ఎన్నడో నిండుకున్నాయి.

ప్రభుత్వ కార్యాలయాల్లో జాబితాలు రాసి పదవీ విరమణ చేసినవాడిని కనుక ఒక మాట చెప్పగలను. బియ్యం మూటకు పేరు అడగరు, పట్టాకు అడుగుతారు. మొదటి వారం సాయం కంటికి కనిపించినవారికి అందుతుంది. ఆ తరువాతి సాయమంతా జాబితాలో ఉన్నవారిదే. జాబితాలో గడి ఒక ఇంటికి ఒకటే ఉంటుంది. ఒకే కప్పు కింద తండ్రి, పెళ్లయిన ఇద్దరు కొడుకులు వేర్వేరు పొయ్యిలు పెట్టుకున్నా లెక్కకు ఒక కుటుంబమే. పోరంబోకు స్థలంలో గుడిసెకు డోర్ నంబరు ఉండదు. భర్త పేరున రేషన్ కార్డు ఉండి ఆయన పోతే, ఆ వితంతువు ఎవరో రుజువు చేసే కాగితం కూడా నీటిలోనో నిప్పులోనో పోయి ఉంటుంది.

మన డెల్టా గ్రామాల్లో నూర్‌బాషా కుటుంబాలు ఊరికి ఒకటీ రెండూగా విసిరేసినట్టుంటాయి. వారి తరఫున కార్యాలయానికి వెళ్లి అడగడానికి అక్కడ బలమైన జమాత్ ఉండదు. తుపాను వారిని వదిలిపెట్టదు, జాబితా మాత్రం వదిలిపెట్టగలదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు విజయవాడ ఇదంతా చూసింది. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తుల వారికి 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించింది. మంచి నిర్ణయం. కానీ పడవల మీద పాల ప్యాకెట్లు పంచిన మన యువకుల్లో ఎంతమంది, నీరు తీసిన తరువాత జాబితా చేతబట్టి అద్దెకున్నవారి తలుపు తట్టారు? వారి శ్రమను మెచ్చుకుంటూనే అడుగుతున్నాను. ఫొటోకు పడవ అందం, దరఖాస్తుకు అందం లేదు.

కనుక మసీదు కమిటీలకు ఒక విన్నపం. విపత్తు నిధిలో సగమైనా మొదటి నెల ఖర్చు చేయకుండా ఉంచండి. జకాత్ ఎవరికి చెల్లుతుందో ఉలమాలను అడగండి. సదకాకు ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ కుటుంబాలన్న హద్దు లేదు, ఆ సొమ్ముతో వల, కుట్టుమిషను, తోపుడు బండి ఎవరిదైనా తిరిగి కొనివ్వవచ్చు. ప్రతి మొహల్లాలో చదువుకున్న ఒక అమ్మాయినీ ఒక అబ్బాయినీ ఈ పనికి నియమించండి, స్త్రీల వివరాలు అమ్మాయికే చెబుతారు. అద్దెవారు, వితంతువులు, వేరు కాపురాలు, వలస వచ్చినవారు అందరి పేర్లూ వేసవి గుడిసెలు అంటుకోకముందే, తుపానుల కాలం రాకముందే ఒక నోటు పుస్తకంలో ఎక్కించాలి. ఆధార్, రేషన్ కార్డు, నిఖానామా, పట్టాల నకళ్లు తీసి ఒక ప్రతి మరో ఊరి మసీదులో భద్రపరచాలి. ఒకే ఊరిలో రెండు ప్రతులూ ఉంటే రెండూ ఒకే రోజు పోతాయి.